మేడం గారి మందు

మేడం గారు పోయారన్న కబురు నాకు ఆవిడ ఇంటి నుంచి రాలేదు, కాలేజీ నుంచి కూడా రాలేదు. గురజాల అవతల వ్యవసాయం చేసుకునే ఒక రైతు ఫోన్ చేశాడు. "అమ్మా, మన మేడం గారు పోయిందంట గదా, నిజమేనా?" అన్నాడు. నేను అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టాను. ఎవరు చెప్పారని అడిగితే, "పొద్దున్నుంచి పొలాల్లో అదే మాటమ్మా. నిద్దట్లోనే గుండె ఆగిందంట" అన్నాడు. ఆయన ఫోన్ పెట్టేసిన కాసేపటికి ఆవిడ కొడుకు చేశాడు. అప్పటికి పాలు పొంగి పొయ్యంతా పారాయి.

మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఉన్నమాట చెప్తాను. కన్నీళ్ళ కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. నరసరావుపేటలో ఒకే కాలేజీలో, ఒకే ల్యాబులో, పక్కపక్క బల్లల దగ్గర సగం జీవితం గడిపిన వాళ్ళం. ఆవిడ గోంగూర పచ్చడి నా డబ్బాలోకీ, మా పులిహోర ఆవిడ డబ్బాలోకీ రోజూ మారుతుండేవి. చేపల కూర తెచ్చిన రోజు మాత్రం, నేను కోమట్ల ఇంటి పిల్లనని, తనే లేచి వెళ్ళి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని తినేది. నేను వద్దన్నా వినేది కాదు. అలాంటి మనిషి పోయిందని నాకంటే ముందు గురజాల పొలాలకి తెలిసిపోయింది.

మనిషి పోయాక అందరూ మంచి మాటలే చెప్తారు. నేనూ చెప్తాను. కాకపోతే లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడడం నాకు చేతకాదు. మేడం గారంటే నాకు అసూయ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉంది, పోయాక తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

మా పని ఏమిటో చెప్తే గానీ నా కడుపుమంట మీకు అర్థం కాదు. వరి వేళ్ళని అంటిపెట్టుకుని ఉండే మట్టిలో కంటికి కనపడని బాక్టీరియా లెక్కలేనంత ఉంటుంది. అందులో చాలావరకు మొక్కతో సంబంధం లేకుండా తమ బతుకు తాము బతికేవే. కొన్ని మాత్రం మట్టిలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించి వేరుకి అందిస్తాయి. కొన్ని వేరు బాగా సాగడానికి పనికొచ్చే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ మేలు చేసేవాటిని వెతికి పట్టుకోవడమే మా పని. మట్టిని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళని మళ్ళీమళ్ళీ పలచన చేసి, గాజు పళ్ళెంలో గడ్డకట్టించిన మేత మీద పరుస్తాం. ఒకటి రెండు రోజుల్లో చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఒక్కో చుక్కనీ విడిగా పెంచి పరీక్ష పెడతాం. భాస్వరం కరిగించేదైతే దాని చుట్టూ తెల్లటి మేత కరిగి, అవతలి వైపు కనిపించేంత తేటగా ఒక వలయం వస్తుంది. వేరుకి పనికొచ్చేదైతే రసాయనం కలపగానే గులాబీరంగు తిరుగుతుంది. నెగ్గినవాటిని వరి విత్తనాలకి పట్టించి, కప్పుల్లో మొలకెత్తించి, వేళ్ళు కొలుస్తాం. మా నాన్న కొట్లో సెలవుల్లో నాచేత బియ్యంలో రాళ్ళు ఏరించేవాడు. ఇదీ అదే పని, కాకపోతే ఇక్కడ బియ్యం తక్కువ, రాళ్ళు ఎక్కువ.

ఈ పనికి శుభ్రం ప్రాణం. నేను చేతులకి తొడుగులు వేసుకుని, బల్లంతా స్పిరిటుతో తుడిచి, ఫ్యాను ఆపించి, ఊపిరి బిగబట్టి చేసేదాన్ని. మేడం గారు అలా కాదు. నాదెండ్ల దగ్గర పల్లెలో బడిపంతులు గారి కూతురు. బురద అంటిన చెప్పులు గుమ్మంలో వదిలి, కొంగు బొడ్లో దోపుకుని, చర్చిలో పాడే పాటేదో సన్నగా తీస్తూ బాక్టీరియా అంటించిన లోహపు తీగతో పళ్ళెం మీద గీసేది. ఆవిడ పళ్ళెంలో చుక్కలు ఎవరో కూర్చుని అద్దినట్టు విడివిడిగా వచ్చేవి. నా పళ్ళెంలో ఉన్నట్టుండి ఒక మూల నల్లటి బూజు లేచేది. "మేడం గారి హస్తవాసి మంచిదండీ" అని పిల్లలు నా ఎదురుగానే అనేవాళ్ళు. "హస్తవాసి డాక్టర్లకి ఉంటదిరా, గాజు పళ్ళేలకి కాదు" అని నేను కసిరితే, ఆవిడ పాట ఆపి నవ్వేది.

ఆ పిల్లలు కూడా ఆవిడ పక్షమే. నేను పాఠం చెప్తుంటే గడియారం చూసేవాళ్ళు. ఆవిడ సంచిలోంచి మిఠాయి కొట్టు కవర్లు తీస్తుంటే బల్ల చుట్టూ మూగేవాళ్ళు. ఆ కవర్లలో మిఠాయి ఏనాడూ ఉండేది కాదు. వేళ్ళతో సహా పీకిన వరి దుబ్బులు, తడి మట్టి ఉండేవి. "మట్టిని అడిగితే చెప్పదమ్మా, మొక్కని అడగండి. యాడ మొక్క నవ్వుతుంటే ఆడ తవ్వండి" అనేది. ఆ మాటను నేను రాసిన వ్యాసంలో వాడుకుందామని చూశాను. శాస్త్రీయంగా రాయబోతే అందులో ఏమీ మిగల్లేదు, ఆవిడ నోటితో అంటేనే బాగుండేది.

ఒక సార్వాలో, అంటే వానాకాలం వరిలో, దుర్గి వైపు కాలవ చివరి భూములకి నీళ్ళు సరిగ్గా అందలేదు. వరి పసుపెక్కిపోయింది. ఒక మడిలో మాత్రం ఓ మూల కాస్త మేర పచ్చగా నిలబడిందని ఎవరో చెప్తే ఆవిడ బస్సెక్కి వెళ్ళింది. మర్నాడు ఆ మూల నుంచి దుబ్బులు పట్టుకొచ్చి నా బల్ల మీద సగం పెట్టింది.

"ఏమే, చెరి సగం. నీ పద్ధతిలో నువ్వు వెతుకు, నా పద్ధతిలో నేను వెతుకుతా. ఎవరికి దొరుకుద్దో చూద్దాం" అంది.

ఆవిడ సరదాకే అంది. నేను సరదాగా తీసుకోలేదు. ఈసారి గెలవకపోతే జన్మలో గెలవనని అనిపించింది. ఆదివారాలు కూడా వెళ్ళి ల్యాబు తాళం తీసేదాన్ని. ఇంట్లో "ఆ పురుగుల్నే పెళ్ళి చేసుకోకపోయావా" అని దెప్పినా పట్టించుకోలేదు. మంచి పేరే సంపాదించాలనుకున్నాను, అదీ ఆవిడ కంటే ఒక పిసరు ఎక్కువ.

దొరికింది. నాకే దొరికింది. నా పేరులో మొదటి అక్షరం, పక్కన ముప్పై ఒకటి అని గుర్తు పెట్టుకున్న గొట్టంలో రసాయనం కలిపి పక్కన పెట్టి, తిరిగి వచ్చి చూస్తే బీట్‌రూట్ రసం పోసినంత రంగు. వలయం కూడా పెద్దదే. ఆవిడకీ ఒకటి దొరికింది, దానికీ రంగు వచ్చింది. రెండింటినీ విత్తనాలకి పట్టించి కప్పుల్లో పక్కపక్కన పెట్టాం. మొలకలు పీకి కడిగి నల్ల కాగితం మీద పరిచిన రోజున ఎవరూ స్కేలు తీయాల్సిన అవసరం రాలేదు. నా వాటి వేళ్ళు చంటిపిల్ల జుట్టులా గుబురుగా, పొడుగ్గా ఉన్నాయి.

నేను ఆ వేళ్ళని చూడలేదు. ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాను. ఒక్క క్షణమైనా అక్కడ ఏదైనా కదులుతుందేమో అని. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుంది, వంగి చూసింది, ఒక్కసారిగా నా రెండు చేతులూ పట్టుకుంది. "పట్టావే చెల్లీ! పట్టావు!" అని అరిచింది. వరండాలోకి వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని, గుమాస్తాని, నీళ్ళు మోసే ఆవిడని కూడా పిలుచుకొచ్చి, "మా చెల్లెలు పట్టింది, చూడండి" అని చూపించింది. తన దాన్ని ఫ్రిజ్‌లో వెనక అరలోకి నెట్టేసి, మళ్ళీ పాట అందుకుంది.

ఆవిడకి నా మీద కొంచెం అసూయ కలిగి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఇద్దరం సమానం అయ్యేవాళ్ళం. గెలిచిన రోజున కూడా ఆవిడ దగ్గర ఉన్నది నా దగ్గర లేదని తెలిసొచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత అసలు కథ మొదలైంది. కాలేజీలో దాన్ని ఎక్కువ మొత్తంలో పెంచి సీసాల్లో పోసి రైతులకి ఇవ్వడం మొదలుపెట్టాం. నేను పెంచేదాన్ని. ఆవిడ సీసాలు సంచిలో పెట్టుకుని ఊళ్ళకి పోయేది. నాకు ఎండా బురదా పడవు, ల్యాబులో ఉంటేనే నా బుర్ర పనిచేస్తుంది. పని పంచుకున్నామనే అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి మాచర్ల నుంచి నాదెండ్ల దాకా రైతులు దానికి ఒక పేరు పెట్టేశారు. మేడం గారి మందు.

మందు అనడం ఆవిడకి నచ్చేది కాదు. "ఇది మందు కాదయ్యా, ప్రాణం. బతికున్నదాన్ని బతికున్నదానిలా తీసుకుపోవాల" అనేది. మేడం గారిది అనడం నాకు నచ్చేది కాదు. సీసాల కోసం కాలేజీకి వచ్చినవాళ్ళకి ఆవిడ ప్రతిసారీ చెప్పేది, నా ఎదురుగానే. "నాది కాదు, ఈమెది. ఈమే పట్టింది" అని. వాళ్ళు తలలూపి, నవ్వి, ఆవిడకే దణ్ణం పెట్టి పోయేవాళ్ళు. ఒకసారి నేనే చెప్పి చూశాను. ఎదురుగా ఉన్న పెద్దాయన నా వంక జాలిగా చూశాడు. ఆవిడ నిజం చెప్తే వినయం అనుకుంటారు, అదే నిజం నేను చెప్తే ఓర్వలేనితనం అనుకుంటారు. ఓర్వలేనితనం ఉంది, కాదనను. అయినా నిజం నిజమే కదా?

మట్టి ఆవిడ తెచ్చింది కదా అని మా తోటి లెక్చరర్ ఒకాయన వాదించాడు. ఫలానా చెరువులో చేపలున్నాయని చెప్పినవాడిదా చేప, వల వేసినవాడిదా అని అడిగాను. మేడం గారు పక్కనే ఉండి, "వల వేసినోళ్ళదే" అని తీర్పు చెప్పింది. నా తరఫున వాదించడానికి కూడా ఆవిడే దొరికింది నాకు.

ఆ తర్వాతి సార్వాలో దెబ్బ తగిలింది. దుర్గి వైపు ఒక ఊళ్ళో మందు అసలు పనిచేయలేదని కబురొచ్చింది. పట్టించిన నారుకీ పట్టించని నారుకీ తేడా లేదట. నేను సీసాలన్నీ మళ్ళీ పరీక్షించాను. బాక్టీరియా బ్రహ్మాండంగా బతికి ఉంది. వాళ్ళే సరిగ్గా వాడి ఉండరు అన్నాను. "ఇక్కడ కూసుని అంటే ఏం లాభమే?" అని ఆవిడ బస్సెక్కింది.

ఇంకా నారు పోయని ఒక ఇంట్లో విత్తనం చల్లే రోజున పొద్దున్నే వెళ్ళి, ఏమీ చెప్పకుండా పెరట్లో కూర్చుని చూసిందట. మేము చెప్పిన పద్ధతి ఏమిటంటే, గంజిలో బెల్లం వేసి కాచి, బాగా చల్లార్చి, అందులో సీసా కలిపి మొలకెత్తిన వడ్లకి పట్టించాలి. ఆ జిగురుతో బాక్టీరియా గింజని అంటుకుంటుంది. వాళ్ళు అన్నీ అలాగే చేశారు. కానీ ఆ పూట వర్జ్యం తొందరగా వస్తోంది. అది రాకముందే నారుమడిలో మొదటి పిడికిలి చల్లాలి. గంజి చల్లారేదాకా ఆగితే మంచి ఘడియ దాటిపోతుంది. అందుకని పొగలు కక్కే గంజిలోనే సీసా గుమ్మరించి గబగబా కలిపేశారు. ఊరంతా అదే చేసింది. అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది ఆవిడ.

"ఏమే, నీ పిల్లల్ని ఉడకేశారే!"

"వర్జ్యం గిర్జ్యం వద్దని చెప్పు" అన్నాను కోపంగా. అన్నది నేను, రోజూ పంచాంగం చూడనిదే కొట్టు తెరవని ఇంట్లో పుట్టినదాన్ని.

ఆవిడ చెప్పలేదు. వర్జ్యంతో తనకి సంబంధం లేకపోయినా వాళ్ళకి ఉంది కదా అంది. గంజి ముందురోజు సాయంత్రమే కాచి మూత పెట్టుకోండి అని చెప్పింది. "పసిబిడ్డకి పాలు పట్టేముందు మణికట్టు మీద చుక్క ఏసుకుని చూస్తారే, అట్టా చూసుకుని కలపండి" అంది ఆడవాళ్ళతో. నరసరావుపేట తిరిగొచ్చి, బజారులో ఒక తెలుగు క్యాలెండర్ కొని ల్యాబు గోడకి తగిలించింది. బైబిలు చదివే మనిషి ఆ సీజనంతా క్యాలెండర్ ముందు నిలబడి వర్జ్యాలు చూసి ఊరూరికీ ఫోన్లు చేసింది. "రేపు పొద్దున్నే చల్లుతారంటగా, ఇయ్యాళే గంజి కాచుకోండి" అని. ఆ ఉపాయం నాకు రావాల్సింది. మా ఇంటి గోడ మీద ఉన్న క్యాలెండర్ అది. ఆవిడకి వచ్చింది.

మేడం గారు పోయాక ఆవిడ ఊళ్ళో, చర్చి ముందు షామియానా వేసి, ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. దుర్గి, మాచర్ల, గురజాల, ఎక్కడెక్కడి నుంచో రైతులు వచ్చారు. బొట్టు పెట్టుకున్నవాళ్ళూ పెట్టుకోనివాళ్ళూ కలిసి కూర్చున్నారు. నా అంతిమయాత్రకి ఇంతలో సగమైనా వస్తారా అని లెక్కేసుకున్నాను, మనసు ఎక్కడికి పోతుందో మన చేతుల్లో ఉండదు. ఒక్కొక్కరూ లేచి మేడం గారి మందు వల్ల తమ నారు ఎట్లా లేచిందో చెప్తున్నారు. పాస్టరు గారు నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు.

నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ పాట, కవర్లు, మట్టిని కాదు మొక్కని అడగమన్న మాట, అన్నీ చెప్పాను. అక్కడితో ఆపలేదు. "మీరు మేడం గారి మందు అంటున్నది నేను పట్టింది. ఆవిడే మీకు ఎన్నోసార్లు చెప్పారు. వినయం కొద్దీ చెప్తున్నారనుకుని మీరు నమ్మలేదు. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు, ఇప్పుడైనా నమ్మండి" అన్నాను.

ఆడవాళ్ళలోంచి ఒకామె లేచింది. దుర్గి వైపు మనిషి, ఆ గంజి కాచిన ఇల్లు వాళ్ళదే.

"నమ్మకేం తల్లీ? మాకు మొదటి నుంచీ తెలుసు. ఆమె చెప్పిందిగా" అంది.

"మరి ఆవిడ పేరెందుకు పెట్టారు?"

"నువ్వు పట్టినావు. మేం ఉడకేసి చంపుతుంటే ఆమొచ్చి గిన్నె కాడ కూసుంది. నిన్ను ఇదే మొదలు చూడటం మా ఊరోళ్ళం" అంది. అందులో దెప్పడం ఏమీ లేదు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే వచ్చి నా చెయ్యి పట్టుకుని తన పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఆమె మాట నిజమే. అయినా నాకు నొప్పి తగ్గలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళు పొరబడ్డారని ఓర్చుకున్నాను, వాళ్ళు తెలిసే ఆ పేరు పెట్టారంటే ఎలా ఓర్చుకోవాలి?

కూడిక అయిన కొన్నాళ్ళకి, సీసాల మీద అచ్చు చీటీ అంటించాలని కాలేజీలో అనుకున్నారు. మేడం గారి పేరు పెడితే నివాళిగా ఉంటుందని ప్రిన్సిపాల్ గారు అన్నారు. కుదరదన్నాను. బాక్టీరియాకి దాన్ని పట్టినవాళ్ళు పెట్టిన గుర్తే ఉండాలి, దాని కింద పట్టినవాళ్ళ పేరే ఉండాలి అన్నాను. పోయిన మనిషితో కూడా పంతమేనా అన్నట్టు అందరూ నా వంక చూశారు. వాళ్ళెవరికీ తెలియనిది ఒకటుంది. మేడం గారు బతికి ఉంటే నాకంటే గట్టిగా నా పేరు కోసమే పట్టుబట్టేది. చివరికి నా పేరే అచ్చయింది. మంచి నీలం రంగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలు పెట్టించాను.

మొన్న సార్వా పనులు మొదలయ్యాయి. పొద్దున్నే దుర్గి ఆమె ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మేడం గారి మందు ఉందా అమ్మా?"

నా బల్ల మీద సీసాలు వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా నా పేరు ఆమె వైపే తిరిగి ఉంది.

"ఉంది" అన్నాను.

సీసా అందుకుంది. చంకన ఉన్న సంచిలోంచి తడిపి పిండిన పాత చీర ముక్క తీసింది. "ఎండ తగలనీయొద్దని చెప్పేది గదా ఆమె" అంటూ సీసాని అందులో పెట్టి మూత దాకా చుట్టింది. నీలం అక్షరాలు ఒక్కో చుట్టుకీ కొన్ని చొప్పున తడి గుడ్డలోపలికి పోయాయి. ముడి వేసి, దాన్ని గుండెకి ఆనించి పట్టుకుని, కాంపౌండు గోడ నీడ ఎటుంటే అటు తప్పుకుంటూ బస్టాండు వైపు నడిచి వెళ్ళింది.